బండిని బట్టి ఊరు

చుట్టాలు వస్తున్నారంటే ఒకప్పుడు ఇల్లాలు బియ్యం డబ్బా మూత తీసి చూసుకునేది. ఇప్పుడు ఇంటాయన ఫోను తీసి చూసుకుంటున్నాడు. వచ్చినవారికి తిండి పెట్టడం ఈ రోజుల్లో పెద్ద సమస్య కాదు, ఊరు చూపించడమే సమస్య. అందులోనూ మద్రాసు లాంటి ఊరు. ఉత్తరాన తిరువొత్తియూరు నుంచి దక్షిణాన తాంబరం దాకా, తూర్పున సముద్రం నుంచి పడమట పూందమల్లి దాకా పరుచుకున్న ఊరిని మూడు రోజుల్లో ఎవరికి మాత్రం ఏం చూపించగలం? 1996లో ఈ ఊరు అధికారికంగా చెన్నై అయింది. మన ఇళ్ళల్లో మాత్రం ఇంకా మద్రాసే. ఇక్కడా నన్ను అలాగే అననివ్వండి.

మనవైపు నుంచి వచ్చే చుట్టాలు స్థూలంగా మూడు రకాలు. ఆసుపత్రి పనిమీద వచ్చేవారు ఒక రకం. పెళ్ళిబట్టలకూ బంగారానికీ టి.నగర్ వచ్చేవారు రెండో రకం. తిరుపతి దర్శనం చేసుకుని, ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా, కంచి, మహాబలిపురం కూడా చూసిపోదాం అనేవారు మూడో రకం. ఈ ముగ్గురూ రైలు దిగగానే అడిగే ప్రశ్న ఒకటే: "అక్కడికి ఎట్లా పోవాలి?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పడంలో నాకు నలభై ఏళ్ళ అనుభవం ఉంది. ఆ అనుభవంలో తేలిన సంగతి ఒకటుంది. ఎక్కిన బండిని బట్టి ఊరు మారిపోతుంది. కారులోంచి చూసిన మద్రాసు వేరు, బస్సులోంచి చూసిన మద్రాసు వేరు. తరతరాలుగా ఊళ్ళో ఉంటున్నా, ఊరి బోర్డుల మీద మన అక్షరం కనపడని మనబోటివాళ్ళకు ఈ తేడా చిన్నది కాదు.

కిందటేడు మా అక్కయ్య, బావగారు తెనాలి నుంచి వచ్చారు. అక్కయ్య పుట్టింది పెరంబూరులోనే. మా నాన్న అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. పెళ్ళయి తెనాలి వెళ్ళి ఆవిడకు యాభై ఏళ్ళు దాటింది. ఈ యాభై ఏళ్ళలో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ చాలాసార్లే వచ్చింది కానీ, ఆ రాకలన్నీ స్టేషన్ నుంచి కల్యాణమండపానికి, కల్యాణమండపం నుంచి స్టేషన్‌కూ. ఈసారి మాత్రం అయిదు రోజులు ఉంటామన్నారు. "ఒరే తమ్ముడూ, ఈసారి ఊరు చూడాలిరా," అంది.

మా అబ్బాయి ఫోనులో రెండు రోజులకు కారు మాట్లాడాడు. వాడిని తప్పుపట్టను. అక్కయ్యకు మోకాళ్ళ నొప్పులు. బావగారికి ఎండ పడదు. ఆ రెండు రోజుల్లో మెరీనా చూశారు, టి.నగర్‌లో చీరలు కొన్నారు, వడపళనిలో ఒక పెద్ద మాల్‌లో తిరిగి ఐస్‌క్రీం తిన్నారు, మహాబలిపురం వెళ్ళొచ్చారు. రెండో రోజు రాత్రి భోజనాల దగ్గర బావగారు చేయి కడుక్కుంటూ అన్నారు: "ఏమయ్యా, మద్రాసులో తెలుగు పూర్తిగా పోయినట్టేనా? రెండు రోజులు తిరిగాం. ఒక్క తెలుగు ముక్క చెవిన పడలేదు. మీరు కూడా ఇంకో తరానికి అరవవాళ్ళయిపోతారు."

ఆయన హాస్యానికే అన్నారు. మా అబ్బాయి నవ్వాడు. అక్కయ్య నవ్వలేదు. పుట్టింటి ఊరిని ఎవరో చులకన చేసినట్టు ఆవిడ విస్తరి మడిచి లేచిపోయింది. ఇలాంటి మాట మనందరికీ అలవాటే. బళ్ళారిలో ఉన్నవాళ్ళూ, బరంపురంలో ఉన్నవాళ్ళూ, షోలాపూరులో ఉన్నవాళ్ళూ ఎన్నోసార్లు విని ఉంటారు. మన లెక్క అయిపోయిందని పొరుగువాళ్ళు అంటే బాధ లేదు. చుట్టాలు అంటే కాస్త గుచ్చుకుంటుంది.

నేను వాదనకు దిగలేదు. ఆయన ఏ కిటికీలోంచి చూసి ఆ మాట అన్నారు అని మాత్రం ఆలోచించాను. ఏ.సి. కారు కిటికీ అద్దం ఎప్పుడూ మూసే ఉంటుంది. డ్రైవరుకు దారి చెప్పేది ఫోను. ఎక్కడ ఎక్కామో, ఎక్కడ దిగామో ఆ రెండు చోట్లే మనకు తెలుస్తాయి. మధ్యలో ఊరంతా మూగది. అలా తిరిగితే తెలుగే కాదు, అరవం కూడా చెవిన పడదు. "బావగారూ, రేపు మీరు నాతో రావాలి. కారు వద్దు," అన్నాను. ఆయన "సరే, చూద్దాం" అన్నారు. అక్కయ్య లోపలి నుంచే అడిగింది, "29సి ఇంకా ఉందా?" అని.

ఉంది. పెరంబూరు నుంచి పురసవాకం, జెమినీ, మైలాపూరు, అడయారు మీదుగా బెసంట్ నగర్ సముద్రం దాకా పోయే బస్సు అది. మద్రాసులో ఒక్క బస్సు ఎక్కి ఊరు అడ్డంగా చూడాలంటే నేను ఎవరికైనా దాన్నే చెబుతాను. చదువు రానివారికీ, అరవం రానివారికీ బస్సు నంబరు ఒక వరం. బోర్డు మీద ఊరి పేరు ఏ లిపిలో ఉన్నా అంకె అందరికీ ఒకటే. మా అమ్మ జీవితమంతా అంకెలతోనే ఈ ఊరు తిరిగింది. ఆవిడకు గుడి పేరు చెబితే ముందు బస్సు నంబరు గుర్తొచ్చేది, తరువాత దేవుడు.

పొద్దున ఏడున్నరకు ఎక్కాం. ఆడవాళ్ళకు మామూలు సిటీ బస్సుల్లో టిక్కెట్టు లేకుండా చేసింది 2021 మే నెలలో. మర్నాటి ఏడాది నుంచి ఆ బస్సులు తేలికగా గుర్తుపట్టడానికి గులాబీ రంగు పూయడం మొదలుపెట్టారు. డబ్బు తీసుకోకపోయినా కండక్టరు చేతికి ఒక కాగితం ఇస్తాడు. అక్కయ్య ఆ సున్నా టిక్కెట్టును మడిచి పర్సులో దాచుకుంది. "తెనాలి నుంచి వచ్చాను, నాకు కూడానా?" అని అడిగితే ఆయన ఏ ఊరని పట్టించుకోకుండా ముందుకు చూడమన్నట్టు తల ఊపాడు.

బావగారిని ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. మద్రాసు బస్సుల్లో చాలావాటిలో కండక్టరు వెనక గుమ్మం దగ్గర తన సీట్లో కూర్చుని ఉంటాడు. జనం మధ్యకు రాడు. ముందు నిలబడ్డవారు నోటు పక్కవారికి ఇస్తే, అది చేతులు మారుతూ వెనక్కి పోతుంది. కాసేపటికి టిక్కెట్టూ చిల్లరా అదే దారిలో తిరిగి వస్తాయి. బావగారి యాభై రూపాయల నోటు అయిదారు చేతులు దాటి వెళ్ళింది. ఆయన మెడ చాచి దాని వెంటే చూస్తూ నిలబడ్డారు. పైసా తగ్గకుండా చిల్లర వచ్చింది. "ఇంతమంది చేతులు మారి వచ్చిందయ్యా!" అన్నారు. ఊరు నమ్మకస్తులదా కాదా అనే సంగతి కారులో కూర్చుని ఎట్లా తెలుస్తుంది?

పురసవాకం దాటాక నలుగురు ఆడవాళ్ళు ఎక్కారు. చీరల మీద పని చొక్కాలు, చేతిలో టిఫిను డబ్బాలు. వీధులు ఊడ్చే పనివాళ్ళు. అందులో ఒకామె ఎక్కీ ఎక్కడంతోనే ఇంకొకామెతో, "ఏం కా, నీకు సంబళం పడిందా? నాకింకా రాలే," అంది. బావగారు ఠక్కున తల తిప్పారు.

తెలియనివారికి చెబుతున్నాను. మద్రాసు వీధులు ఊడ్చి, కాలువలు బాగుచేసి ఈ ఊరిని నిలబెడుతున్న పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది తెలుగువాళ్ళు. నెల్లూరు, ప్రకాశం వైపుల నుంచి ముత్తాతల కాలంలో వచ్చిన దళిత కుటుంబాలు. వాళ్ళ పేటల్లో ఇంటి భాష ఈనాటికీ తెలుగే. మన సభల్లో, సన్మానాల్లో వాళ్ళు కనపడరు. తెలుగు పోయిందని బాధపడుతూ వేదికల మీద మాట్లాడే మనం, తెల్లవారుజామున మన వీధిలో చీపురు చప్పుడుతోపాటు వినిపించే తెలుగును లెక్కలోకి తీసుకోం.

అక్కయ్య పక్కన చోటిచ్చింది. ఆమె కూర్చుంటూ, "యాడ దిగాల పెద్దమ్మా మీరు?" అని అడిగింది. లజ్ అని చెప్పాక మాటలు కలిశాయి. బావగారు వెనక నుంచి వంగి అడిగారు:

"మీదే ఊరమ్మా?"

"ఈ ఊరే సామీ."

"అది కాదు, అసలు ఊరు?"

"అసలు ఊరూ ఇదే. మా అవ్వ పుట్టింది గూడా పులియాంతోపులోనే."

"పిల్లలకు తెలుగు వచ్చునా?"

"మాట్లాడతారు. చదివేదానికి బళ్ళో యాడ జెప్తారు సామీ?"

బావగారు ఆ తరువాత ప్రశ్నలు వేయలేదు. ఆమె అడిగినదానికి నా దగ్గరా సరైన సమాధానం లేదు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే, నేర్చుకోవాల్సిందే. దానితోపాటు ఇంటి భాష నేర్పే పంతులు కూడా ఉండాలి కదా. మా మనవరాలికి పదేళ్ళు. అరవం ముత్యాల్లా రాస్తుంది, ఇంగ్లీషు గడగడా చదువుతుంది. తెలుగులో మాత్రం ఓనమాలు దాటి పది పన్నెండు హల్లుల దగ్గర ఆగిపోయింది. ఇంట్లో కూర్చోబెట్టి చెబుదామంటే దానికి తీరికుండదు, నాకు ఓపికుండదు.

లజ్‌లో దిగాం. అక్కడి నుంచి రాయపేట హైరోడ్డులో కాస్త నడిస్తే పొట్టి శ్రీరాములుగారు నిరాహార దీక్ష చేసిన ఇల్లు. అప్పుడది బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15న ఆయన కన్నుమూసింది అక్కడే. ఇప్పుడు స్మారక మందిరం. లజ్ చర్చి రోడ్డు వైపు వెళితే నాగేశ్వరరావు పార్కు. అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావుగారి పేరు అది. రోజూ అక్కడ నడకకు వచ్చేవారిలో ఆయన ఎవరో తెలిసినవారు ఎందరో నేను చెప్పలేను గానీ, పేరు మాత్రం నిలిచింది. టి.నగర్ కూడా అంతే. ఊరంతా టి.నగర్ అంటుంది. ఆ 'టి' పిట్టి త్యాగరాయ శెట్టిగారని, పక్కనే ఉన్న పానగల్ పార్కు కాళహస్తిలో పుట్టి మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేసిన పానగల్ రాజా పేరనీ చీరలు కొని వెళ్ళేవారికి ఎవరు చెబుతారు? కారు ఆగడానికే చోటు లేని రోడ్డది.

స్మారక మందిరం మెట్ల మీద కూర్చుని అక్కయ్య ఒక మాట అంది: "ట్రాములు పోయిందీ ఆ రోజుల్లోనే కదరా? నాన్న చెబుతుండేవాడు." నిజమే. మన దేశంలో మొదటి ఎలక్ట్రిక్ ట్రాము మద్రాసులోనే నడిచింది, 1895లో. అది ఆగిపోయింది 1953లో. అదే ఏడు అక్టోబరు 1న మద్రాసు లేకుండా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఒకే ఏడాదిలో మా నాన్న తరానికి రెండు పోయాయి. ఆయన మాత్రం ట్రాము గురించే ఎక్కువ చెప్పేవారు. రెండో దాని గురించి మాట్లాడటం ఆయనకు ఇష్టం లేదనుకుంటాను.

అక్కడి నుంచి తిరుమయిలై స్టేషన్‌కు పోయి ఆకాశంలో నడిచే రైలెక్కాం. జనం దాన్ని పరక్కుం రైలు అంటారు, అంటే ఎగిరే రైలు. 1995లో బీచ్ నుంచి చేపాక్కం దాకా, 1997లో మైలాపూరు దాకా, 2007లో వేళచ్చేరి దాకా వచ్చింది. మొత్తం దాదాపు 19 కిలోమీటర్లు. స్టేషన్లు కోటల్లా ఉంటాయి, జనం పలచగా ఉంటారు. చుట్టాలను ఎక్కించడానికి మాత్రం ఇంతకంటే మంచి బండి లేదు. చవక, ఎత్తు, గాలి. ఒకవైపు డాబాల మీద ఆరేసిన బట్టలు, ఇంకోవైపు దూరంగా సముద్రం.

కింద నల్లగా పారే నీళ్ళు చూసి బావగారు ముక్కు మూసుకుని, "ఏ మురికి కాలువ ఇది?" అన్నారు.

"మన కాలువేనండీ. బకింగ్‌హాం కాలువ."

ఆయన నమ్మలేదు. ఆ పేరు ఆయనకు బాగా తెలుసు. కృష్ణా డెల్టా నుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా వస్తే, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ నెల్లూరు తీరం వెంట దిగి, పులికాటు దాటి, మద్రాసు మధ్యలోంచి మరక్కాణం దాకా పోయేది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన చిన్న కాలువతో మొదలయింది. 1876-78 కరువులో పొట్ట చేతపట్టుకొచ్చిన జనం చేత మరికొంత తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. ధాన్యం, కట్టెలు, ఉప్పు, పొగాకు అన్నీ పడవల మీదే వచ్చేవి. మా తాత నెల్లూరు వైపు నుంచి కట్టెల పడవలో వచ్చి బేసిన్ బ్రిడ్జి దగ్గర దిగాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. అరవైల్లో వచ్చిన తుపానులకు గట్లు తెగి పడవలు తగ్గిపోయాయి. తరువాత ఎగిరే రైలుకు స్తంభాలు ఆ కాలువలోనే పాతారు. మనవాళ్ళు పడవలో వచ్చిన దారి మీదే ఇప్పుడు ఈ రైలు నడుస్తోంది. బావగారు ముక్కు మీద చేయి తీసి చాలాసేపు కిందికే చూశారు.

పార్క్ టౌన్‌లో దిగి రోడ్డు దాటితే సెంట్రల్. అక్కడ మెట్రో. 2015 జూన్‌లో కోయంబేడు, ఆలందూరుల మధ్య మొదలై, 2019 ఫిబ్రవరికి మొదటి దశ పూర్తయింది. 2021లో విమ్కో నగర్ దాకా పొడిగించారు. విమానాశ్రయానికి నేరుగా పోతుంది. లిఫ్టులున్నాయి, చల్లగా ఉంటుంది, శుభ్రం. ఆసుపత్రి పనిమీద వచ్చేవారికి నేను ముందు మెట్రోనే చెబుతాను. కాకపోతే అందులో అందరూ ఫోను చూసుకుంటూ మౌనంగా ఉంటారు. మాట వినడానికి పనికిరాదు, పనికి పోవడానికి పనికొస్తుంది. మేం వడపళనిలో దిగాం. బావగారికి పాత సినిమాల పిచ్చి. "మాయాబజార్ తీసిన వాహినీ స్టూడియో ఎక్కడయ్యా?" అని వచ్చినప్పటి నుంచి అడుగుతున్నారు. చేయి చూపించాను. మొన్న ఆయన ఐస్‌క్రీం తిన్న మాల్ లేచింది ఆ విజయా-వాహినీ స్థలంలోనే. కారు ఆయన్ని సరిగ్గా అక్కడికే తీసుకెళ్ళింది, దింపింది, తిరిగి తీసుకొచ్చింది. చెప్పేవాళ్ళే లేకపోయారు.

చుట్టుపక్కల ఊళ్ళ సంగతికి వస్తాను. ఊరు పెరిగిన కొద్దీ బస్టాండు బయటికి జరుగుతుందని మద్రాసులో ఉన్నవారందరికీ తెలుసు. బయటి ఊళ్ళ బస్సులు ఒకప్పుడు బ్రాడ్‌వేలో ఆగేవి. 2002లో కోయంబేడుకు పోయాయి. 2018 అక్టోబరు నుంచి తిరుపతి, నెల్లూరు, విజయవాడ వైపు బస్సులకు మాధవరం. 2023 డిసెంబరు చివర దక్షిణాది బస్సులకు కిళాంబాక్కం తెరిచారు. కాబట్టి మీ చుట్టాలు బస్సులో వస్తుంటే ఎక్కడ దిగుతారో ముందే కనుక్కోండి. "మద్రాసు బస్టాండులో" అంటే ఇప్పుడు అర్థం లేదు. కంచికి పోవాలంటే బీచ్, తాంబరం, చెంగల్పట్టు మీదుగా పోయే రైలు సుఖం. బీచ్, తాంబరం మధ్య కరెంటు రైలు 1931 నుంచి ఉంది. మహాబలిపురానికి తాంబరం నుంచి 515 బస్సు ఉంది. దగ్గరి దూరాలకు షేర్ ఆటో. ఎక్కేముందు నలుగురు ఎంత ఇస్తున్నారో చూసి అంతే ఇస్తే పేచీ ఉండదు. ఫోను వాడటం తెలిసినవారికి 2025 సెప్టెంబరులో చెన్నై వన్ అని ఒక యాప్ వచ్చింది. బస్సుకూ, మెట్రోకూ, లోకల్ రైలుకూ అందులోనే టిక్కెట్టు కొనుక్కోవచ్చు. రాత్రి పొద్దుపోయాక, సామాను ఎక్కువున్నప్పుడు, రోగితో వెళ్ళేటప్పుడు మాత్రం కారే మేలు. అందులో పట్టుదలకు పోకూడదు.

ఇవన్నీ చెప్పి, చుట్టాలు ఇంకో రోజు ఉంటామంటే నేను ఎక్కించే బండి ఒకటుంది. అది ఏ పర్యాటక పుస్తకంలోనూ గొప్పగా రాయరు. సెంట్రల్ పక్కన, 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్ చోట కట్టిన స్టేషన్ నుంచి ఉత్తరంగా పోయే లోకల్. గుమ్మిడిపూండి దాకా పోయేవి చాలా ఉంటాయి, సూళ్ళూరుపేట దాకా పోయేవి తక్కువ. టైము చూసుకుని ఎక్కాలి.

నాలుగో రోజు ఆదివారం. మనవరాలిని కూడా తీసుకుని అయిదుగురం బయలుదేరాం. కొరుక్కుపేట, తండయారుపేట, తిరువొత్తియూరు, ఎన్నూరు. ఎన్నూరు దాటితే వాగు, ఉప్పునీళ్ళు, దూరంగా కరెంటు కర్మాగారాల గొట్టాలు. మీంజూరు, పొన్నేరి వచ్చేసరికి పొలాలు. పెట్టెలో చేపల గంపలు, మల్లెపూల బుట్టలు, షిఫ్టుకు పోయే కుర్రాళ్ళు. నేను బావగారిని ఒక్కటే కోరాను: "మీరు చెవి పెట్టి ఉండండి. అరవం ఎక్కడ ఆగిపోయిందో, తెలుగు ఎక్కడ మొదలయిందో చెప్పండి."

ఆయన చెప్పలేకపోయారు. ఎవరూ చెప్పలేరు. పొన్నేరిలో ఎక్కిన ముసలాయన కొడుకుతో తెలుగులో, పూలామెతో అరవంలో మాట్లాడాడు. పూలామె తన కూతురితో తెలుగులో మాట్లాడింది. గుమ్మిడిపూండి దాటాక తెలుగు చిక్కబడింది కానీ అరవం పోలేదు. ఎళావూరు, ఆరంబాక్కం. మాటకు సరిహద్దు లేదు. సరిహద్దు ఉన్నది బోర్డుకే. ఆరంబాక్కం దాకా ప్లాట్‌ఫారం మీద పసుపుపచ్చ బోర్డులో తమిళం. దాని తరువాత స్టేషన్లో తమిళం పోయి తెలుగు వస్తుంది.

ఆ స్టేషన్ పేరు తడ. మనవరాలు కిటికీ ఊచలు పట్టుకుని చూస్తోంది. "తాతా, అది తెలుగా?" అంది. చదవమన్నాను. గుణింతం లేదు, ఒత్తు లేదు, పొల్లు లేదు. రెండే అక్షరాలు. అది పెదాలు కదిపి, "త... డ... తడ!" అంది. తరువాత నా వైపు తిరిగి, "అంతేనా? అయిపోయిందా?" అంది. ఒక ఊరి పేరు తెలుగులో తనంతట తాను చదవడం దానికి అదే మొదలు. తరువాత వచ్చిన అక్కంపేట దగ్గర ఒత్తు అడ్డం పడింది. వాళ్ళ నాయనమ్మను అడిగి పూర్తి చేసింది. సూళ్ళూరుపేట బోర్డు మాత్రం దానికి కొండయింది. ళ కింద ళ ఎందుకని రైలు ఆగిందాకా పోట్లాడింది.

"ఇక్కడి నుంచి మన దేశం," అన్నారు బావగారు సూళ్ళూరుపేటలో దిగుతూ, అలవాటుగా. అక్కయ్య వెంటనే అందుకుంది: "మీ దేశం ఇక్కడి నుంచి. నా దేశం ఇందాక మూడు గంటలు కూర్చుని వచ్చిన దారంతానూ." ఆయన బదులు చెప్పలేదు. చెంగాళమ్మ గుడికి పోయి దర్శనం చేసుకుని, పూటకూళ్ళ ఇంట్లో భోంచేసి సాయంత్రం బండికి తిరిగి వచ్చాం. వచ్చేటప్పుడు మనవరాలు బోర్డులను వెనకనుంచి ముందుకు చదువుకుంటూ వచ్చింది. తడ దగ్గర లేచి నిలబడి మరీ చదివింది.

ఇది రాయడంలో నా ఉద్దేశం మద్రాసులో తెలుగు పదిలంగా ఉందని చెప్పడం కాదు. లేదు. బస్సులో ఆమె వేసిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. కానీ ఉన్నదాన్ని లేదనడం వేరు, ఉన్నది పోతోందని తెలుసుకోవడం వేరు. మొదటిది విన్నవాడు చేతులు కడుక్కుంటాడు, రెండోది తెలిసినవాడు ఏదో ఒకటి చేయాలనుకుంటాడు. మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం పొద్దున అరగంట తెలుగు. పుస్తకం కాదు, స్టేషన్ల పేర్లు. నేను కాగితం మీద రాస్తాను, మనవరాలు చదువుతుంది. నెల్లూరు దాకా వచ్చాం. ఈ పత్రిక చదివే మీరు ఏ ఊళ్ళో ఉన్నా, ఆ ఊళ్ళోనూ ఇలాంటి బస్సు ఒకటి, ఇలాంటి రైలు ఒకటి ఉండే ఉంటాయి. ఈసారి చుట్టాలు వస్తే రెండు రోజులు కారు మాట్లాడండి, ఒక్కరోజు మాత్రం మీ చేతిలో ఉంచుకోండి.

మొన్నీమధ్య రాత్రి బావగారు ఫోను చేశారు. వాళ్ళ పక్కింటివారు కంటి ఆపరేషనుకు మద్రాసు వస్తున్నారట. కారు ఎంత తీసుకుంటారని అడుగుతారేమో అనుకున్నాను. "ఏమయ్యా, వాళ్ళకు ఊళ్ళో ఎవరూ లేరు. మాధవరంలో దిగితే పెరంబూరు మీ ఇంటికి ఏ నంబరు బస్సు? అక్కడి నుంచి 29సి ఎన్నింటికి ఉంటుంది?" అన్నారు. నేను ఒక్కొక్కటీ చెబుతుంటే అవతల ఆయన, "ఉండు, ఉండు, రాసుకోనీ," అంటున్నారు.